వరదలో వచ్చే రెండు రకాల అబద్ధాలు

తుఫాను తీరం దాటిన మర్నాడు కరెంటు ఇంకా రాదు. సిగ్నల్ మాత్రం కాస్త వస్తుంది. ఆ కాస్త సిగ్నల్‌లోనే ఫోన్‌లోకి రెండు రకాల మెసేజ్‌లు వచ్చేస్తాయి. మొదటిది: "చూశారా, మనవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఏ చానలూ చూపించదు. షేర్ చెయ్యండి." రెండోది: "జాగ్రత్త, వాళ్ళు అన్నం పొట్లాలతో వస్తున్నారు. అసలు సంగతి వేరే ఉంది. షేర్ చెయ్యండి." "మనవాళ్ళు", "వాళ్ళు" అన్నచోట మతం పేరు మారుతుంటుంది. మిగతా మెసేజ్ అంతా ఒకటే.

సాయానికొచ్చిన మత సంస్థల కార్యకర్తల మీద లేని నింద వెయ్యడం తప్పని అందరం ఒప్పుకుంటాం. లేని ఘనత అంటగట్టడం కూడా అంతే తప్పు. మొదటి అబద్ధం వల్ల నష్టపోయేది ఎవరో, రెండో అబద్ధం వల్ల నష్టపోయేదీ వాళ్ళే. అంటే నీళ్ళలో నిలబడ్డవాళ్ళు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

మాది మునగపాక. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. పక్కనే శారదా నది. చుట్టూ చెరకు, వరి. వానలు ఎక్కువైతే పల్లపు పొలాల్లో నీరు రోజుల తరబడి కదలదు. 2012 నవంబరులో నీలం తుఫాను వెనకాల కురిసిన వానలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా జిల్లాని ఏం చేశాయో ఇక్కడి పెద్దవాళ్ళని ఎవర్ని అడిగినా చెప్తారు. అంచేత ఆపదలో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది మాకు టీవీలో చర్చ కాదు. ఎప్పుడో ఒకప్పుడు మా గుమ్మంలోకి వచ్చే ప్రశ్నే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు మా వీధిలో బియ్యం, దుప్పట్లు పోగుచేశాం. వాటిని తీసుకెళ్ళడానికి ఒక మత సంస్థ వాళ్ళ వ్యాను సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. ఆ సంస్థవాళ్ళు సరుకులు తమ మతంవాళ్ళకే పంచుతారని, మిగిలింది అమ్ముకుంటారని అందులో ఉంది. ఊరి పేరు లేదు, తేదీ లేదు, చూసినవాడి పేరు లేదు. మా వీధిలో పెద్దమ్మ ఒకావిడ కట్టిన మూట విప్పేసింది. "ఆళ్ళకిత్తే ఆళ్ళకే పోద్దంట గదరా, మరెందుకు?" అంది. ఆవిడ మాటకి ఇంకో నాలుగిళ్ళు ఆగాయి. వ్యాను వెళ్ళిపోయింది. ఆ మూటలు రెండ్రోజుల తర్వాత వేరే బండిలో వెళ్ళాయి. నడుంలోతు నీళ్ళలో ఉన్నవాడికి రెండ్రోజులంటే ఎంతో మనం వేరే లెక్క కట్టక్కర్లేదు.

పొగడ్తలో దాక్కున్న అబద్ధం

2018 ఆగస్టులో కేరళ మునిగిపోయినప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ కార్యకర్తలు సహాయ మూటలు మోస్తున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. వాటిలో కొన్నిట్లో వాళ్ళు ఖాకీ నిక్కర్లలో ఉన్నారు. ఇక్కడే చిక్కు. ఆర్‌ఎస్‌ఎస్ ఖాకీ నిక్కరు మానేసి గోధుమ రంగు ప్యాంటుకి మారింది 2016 విజయదశమి నుంచి. అలాంటప్పుడు 2018 వరదల ఫొటోలో అందరూ నిక్కర్లలో ఉంటే ఆ ఫొటో ఎప్పటిదో అన్న అనుమానం రావాలి కదా. వెతికి చూసినవాళ్ళకి అవి పాత విపత్తుల ఫొటోలని తేలింది.

దీన్నిబట్టి "అయితే వాళ్ళు కేరళలో ఏమీ చెయ్యలేదన్నమాట" అనేవాళ్ళూ బయల్దేరారు. అదీ తప్పే. ఫొటో పాతదైనంత మాత్రాన పని జరగలేదని కాదు. ఆ వరదల్లో సేవాభారతి కార్యకర్తలూ పనిచేశారు, మసీదుల వాళ్ళూ చర్చిల వాళ్ళూ తలుపులు తెరిచారు. ఒక పాత ఫొటో చేసిన పని ఏమిటంటే, నిజంగా బురదలో దిగినవాడి కష్టాన్ని కూడా అనుమానించేలా చేసింది. దొంగనోటు ఒకటి దొరికితే షాపువాడు మంచి నోటుని కూడా వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఇదీ అంతే.

ఇంకో నష్టం ఉంది. కేరళలో వేలమందిని ప్రాణాలతో బయటికి తెచ్చింది సొంత పడవలు లారీల మీద వేసుకుని వచ్చిన మత్స్యకారులు. వాళ్ళలో క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, హిందువులున్నారు. ఒక ముస్లిం జాలరి నీళ్ళలో వంగి, ఆడవాళ్ళు పడవ ఎక్కడానికి తన వీపుని మెట్టుగా ఇచ్చిన వీడియో చాలామంది చూసే ఉంటారు. "మనవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు" అనే ఒక్క వాక్యం వీళ్ళందర్నీ తుడిచిపెట్టేస్తుంది.

దివిసీమలో ఎవరొచ్చారు?

మన రాష్ట్రంలో ఈ మాటకి అన్నిటికన్నా పెద్ద జవాబు దివిసీమ. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా తీరం మీదకి ఉప్పెన వచ్చింది. పది వేలమందికి పైగా పోయారు. ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. రోజుల తరబడి శవాలు, చచ్చిన పశువులు పొలాల్లో, ముళ్ళకంపల్లో ఉండిపోయాయి.

అప్పుడు వచ్చినవాళ్ళ జాబితా చూడండి. కుళ్ళిన శవాలని తీసి దహనం చేసే పనిలో ఆర్‌ఎస్‌ఎస్ స్వయంసేవకులు దిగారు. రామకృష్ణ మిషన్ సహాయం పంచి, ఆ తర్వాత ఇళ్ళు కట్టే పనిలోనూ నిలబడింది. మదర్ థెరిసా స్వయంగా వచ్చారు. చర్చిల సహాయ సంస్థ కాసా మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టింది. ఇంకో పేరు వింటే ఆశ్చర్యపోతారు. గోరా స్థాపించిన, విజయవాడలోని నాస్తిక కేంద్రం. దేవుడే లేడనేవాళ్ళు కూడా దివిసీమ బాధితుల కోసం పనిచేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి సినిమా తారలు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పేరు ఆ పునర్నిర్మాణంతో ఇప్పటికీ కలిసే వినబడుతుంది.

ఈ జాబితాలోంచి ఒక్క పేరు మాత్రం ఉంచి మిగతావి కొట్టేసి ఒక మెసేజ్ తయారుచెయ్యడం చాలా తేలిక. అందులో ఉన్న మాట నిజమే. లేని మాటల వల్ల అది అబద్ధమవుతుంది. నాకు తెలిసినంతవరకు పొగడ్త రకం అబద్ధాల్లో ఎక్కువభాగం ఇలాంటివే. పుట్టించినవి తక్కువ, కత్తిరించినవి ఎక్కువ.

నిందలో దాక్కున్న అబద్ధం

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లిగీ జమాత్ సమావేశానికి వెళ్ళొచ్చినవాళ్ళలో కొందరికి కోవిడ్ సోకింది. ఇది నిజం. ఆ నిజం మీద ఒక పెద్ద అబద్ధాల మేడ లేచింది. గిన్నెలు నాకుతున్న ఒక పాత వీడియోని, ప్రార్థనలో గట్టిగా ఊపిరి తీసుకునే ఇంకో పాత వీడియోని చూపించి "కావాలనే వైరస్ అంటిస్తున్నారు" అని తిప్పారు. దాని దెబ్బ ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి కాదు, వీధుల్లో కూరగాయలు, పళ్ళు అమ్ముకునేవాళ్ళకి తగిలింది. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ సమావేశానికొచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేసింది. వాళ్ళని బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని కూడా రాసింది. ఈలోగా జమాత్ సభ్యుల్లో కోలుకున్నవాళ్ళు చాలామంది ప్లాస్మా ఇవ్వడానికి ముందుకొచ్చారు. ప్లాస్మా చికిత్స పెద్దగా పనిచెయ్యదని తేలి 2021 మేలో దాన్ని ప్రభుత్వ మార్గదర్శకాల నుంచి తీసేశారు, అది వేరే సంగతి. ఇచ్చినవాళ్ళ మనసు ఏమిటన్నది అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో సొంత మనుషులే శవం దగ్గరికి రావడానికి భయపడ్డ రోజుల్లో, తిరుపతిలో ముస్లిం యువకులు అన్ని మతాల మృతులకీ, ఎవరి పద్ధతిలో వాళ్ళకి, అంత్యక్రియలు చేశారు. ఏడాది కిందటి మెసేజ్‌లు నమ్మి కూర్చుంటే ఆ చేతుల్లోకి శవాన్ని ఇచ్చేవాళ్ళా?

రెండో ఉదాహరణ ఒడిశాది. అయినా మనకి దూరం కాదు. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. అది మన విశాఖ, విజయవాడల మీదుగా వెళ్ళే బండి. మర్నాటికి పైనుంచి తీసిన ఒక ఫొటో తిరగడం మొదలైంది. పట్టాల పక్కన తెల్లటి కట్టడం ఒకటుంది. దానికి బాణం గుర్తు పెట్టి అది మసీదు అన్నారు, ప్రమాదం జరిగింది శుక్రవారం అన్నారు. మిగతాది చదివేవాడి ఊహకి వదిలేశారు. శుక్రవారమన్నది నిజమే. కట్టడం మాత్రం మసీదు కాదు, ఇస్కాన్ వాళ్ళ గుడి. ప్రమాదానికి మతం రంగు పులిమితే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. అదే రాత్రి స్థానిక కుర్రాళ్ళు రక్తం ఇవ్వడానికి ఆసుపత్రుల ముందు వరుసకట్టారు. ఆ వరుసలో ఎవరూ ఎవరి మతం అడగలేదు.

ఇంజనీరింగ్ చదివేవాళ్ళం ఇంకో సంగతి గమనించాలి. విచారణలో తేలిన కారణం సిగ్నలింగ్ సర్క్యూట్‌లో జరిగిన లోపం. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర చేసిన పనిలో వైరింగ్ తప్పు. జనం మసీదా, గుడా అని కొట్టుకుంటున్నంతసేపూ అడగాల్సిన అసలు ప్రశ్న పక్కనే పడి ఉంది. పుకారు మనుషుల్నే కాదు, తప్పు వైరునీ దాచేస్తుంది.

మరి మత ప్రచారం సంగతేంటి?

ఇది అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం చూపించి మతం మాట్లాడటం తప్పే. ఆ మాట సహాయ సంస్థలే రాసుకున్నాయి. 1994లో రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, ఇంకొన్ని సంస్థలు కలిసి విపత్తు సహాయానికి ఒక ప్రవర్తనా నియమావళి తయారుచేశాయి. సాయం కులమతాలు, జాతి చూడకుండా అవసరాన్ని బట్టే ఇవ్వాలి, సాయాన్ని ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు తోయడానికి వాడకూడదు అన్నవి అందులో మొదటి నియమాల్లోనే ఉన్నాయి. దాన్ని తెచ్చిన సంస్థల్లో క్యాథలిక్కుల కారిటాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య కూడా ఉన్నాయి.

కాబట్టి కొలబద్ద మన చేతిలో ఉంది. మెడలో శిలువ ఉండటం, నెత్తిన టోపీ ఉండటం, నుదుట బొట్టు ఉండటం, పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసుకోవడం తప్పు కాదు. వ్యానుకి బ్యానరు కట్టుకోవడం మనకి నచ్చకపోవచ్చు, అదీ నేరం కాదు. "ముందు ప్రార్థనకి రా, తర్వాత బియ్యం" అంటే తప్పు. "మనవాళ్ళకి ముందు" అంటే తప్పు. అలా నిజంగా జరిగితే ఏ ఊరు, ఏ రోజు, ఎవరు చూశారు అన్నవి చెప్పి తహసీల్దారుకి ఫిర్యాదు ఇవ్వాలి. ఆ మూడూ చెప్పలేనివాడు ఫిర్యాదు చెయ్యడం లేదు, పుకారు మోస్తున్నాడు.

ఫార్వర్డ్‌ని కాటా వెయ్యడం

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి దిమ్మలు తోలే రైతు కాటా వెయ్యకుండా తూకం ఒప్పుకోడు. మెసేజ్‌కి కూడా కాటా ఉంది. నేను చూసేవి ఇవి.

ఒకటి, బాణాలు. వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాలుంటే అది ఐదు లేక అంతకన్నా ఎక్కువ చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. బాణాలుంటే అబద్ధమని కాదు. పంపినవాడు చూసినవాడు కాదని మాత్రం ఖాయం.

రెండు, ఫొటో. కెమెరా ఫొటోతో పాటు తేదీ, చోటు లాంటి వివరాలు కూడా దాస్తుంది. మామూలుగా వాట్సాప్‌లో ఫొటో పంపితే ఆ వివరాలు తీసేస్తుంది. కాబట్టి ఫార్వర్డ్ ఫొటోని తెరిచి తేదీ వెతికితే దొరకదు. గూగుల్ లెన్స్‌లో వేసి ఇంతకుముందు ఎక్కడ కనబడిందో చూడాలి. అంతకన్నా ముందు కళ్ళతో చూడాలి. బోర్డు మీద ఏ భాష? బండి నంబరు ఏ రాష్ట్రం? యూనిఫాం ఎప్పటిది? నిక్కరు సంగతి కనిపెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

మూడు, అంకె. "ఇరవైమంది కార్యకర్తలు ఒక్క రోజులో లక్షమందికి భోజనం పెట్టారు" అని వస్తే గుణించి చూడండి. మనిషికి 150 గ్రాముల బియ్యం వేసుకున్నా లక్షమందికి 15 టన్నులు. అంటే 25 కేజీల బస్తాలు 600. ఇరవైమంది ఒండి, పొట్లాలు కట్టి, పడవల్లో పంచే పని కాదది. అలాగని లక్ష అన్న ప్రతి అంకే అబద్ధం కాదు. అక్షయపాత్ర లాంటి సంస్థకి రోజూ బడిపిల్లలకి వండే పెద్ద యంత్రాల వంటశాలలున్నాయి. విజయవాడ వరదల్లో అక్కడి నుంచి కూడా పొట్లాలు వెళ్ళాయి. అంకె వెనక వంటశాల ఉందా, లారీలున్నాయా అన్నది చూడాలి.

నాలుగు, ఇంకో నోరు. జిల్లా అధికారుల ప్రకటన, స్థానిక విలేకరి వార్త, తెలుగులో ఫ్యాక్ట్‌లీ లాంటి నిజనిర్ధారణ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ విషయాలకి పీఐబీ ఫ్యాక్ట్ చెక్. ఒకే మెసేజ్ పది గ్రూపుల్లో రావడం పది సాక్ష్యాలు కాదు, పది కాపీలు.

విజయవాడలో నీళ్ళు తగ్గుతున్న రోజుల్లో బుడమేరు కట్ట మళ్ళీ తెగిందని పుకారు లేచి జనం పరుగులు తీశారు. అధికారులు అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించి భయం లేపితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను కింద ఏడాది దాకా జైలు ఉంది. సరదాకి ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పినా చాలాసార్లు సరిపోతుంది.

ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి?

అబద్ధాన్ని పట్టుకోవడం కన్నా పంపినవాళ్ళకి చెప్పడం కష్టం. పంపింది మావయ్యో, పెదనాన్నో అయితే ఇంకా కష్టం. గ్రూపులో పదిమంది ముందు "ఇది ఫేక్" అని పెడితే ఆయన ఫొటో సంగతి వదిలేసి తన పరువు సంగతి చూసుకుంటాడు. నేను విడిగా మెసేజ్ పెడతాను. అందులో రెండు ముక్కలుంటాయి. ఏది నిజమో ముందు, ఏది కాదో తర్వాత. "మావయ్యా, కేరళలో వాళ్ళు పనిచేసిన మాట నిజమేనండి. ఈ ఫొటో మాత్రం 2016కి ముందుది, బట్టలు చూడండి. దీన్ని ఎవరైనా పట్టుకుంటే చేసిన పనిని కూడా నమ్మరు." ఇలా చెప్తే ఆయన అభిమానించే సంస్థని నేను తిట్టినట్టు ఉండదు. దాని పరువు కాపాడినట్టు ఉంటుంది. నింద రకం మెసేజ్‌కి కూడా అంతే. "అలా ఎక్కడైనా జరిగుంటే ఊరి పేరు కనుక్కోండి మావయ్యా, ఫిర్యాదు రాసి నేనే ఇస్తాను" అంటే చాలు. ఊరి పేరు ఇంతవరకు ఎవరూ తెచ్చివ్వలేదు.

ఒక్కటి మాత్రం చెయ్యకూడదు. ఒక మతంవాళ్ళ అబద్ధాలనే దిద్దుతూ, మనకి నచ్చినవాళ్ళ అబద్ధాలు చూసీ చూడనట్టు వదిలేస్తే, మూడో రోజుకి మన మాట ఎవరూ వినరు. వినకపోవడంలో తప్పు కూడా లేదు.

ఊరికో పద్దు

ఇదంతా అబద్ధం పుట్టాక చేసే పని. పుట్టకముందు చెయ్యగలిగింది ఒకటుంది. పద్దు రాయడం. సాయం వచ్చినప్పుడు సచివాలయంలోనో, బడిలోనో, రామాలయం అరుగు మీదో ఒక నోటుబుక్కు పెట్టాలి. తేదీ, సంస్థ పేరు, ఏం తెచ్చారు, ఎన్ని ఇళ్ళకి, ఏ వీధి, తీసుకున్నవాళ్ళ సంతకం. ఆరు గడులు. సాయంత్రం ఆ పేజీని ఊరి గ్రూపులో పెడితే "ఎవరూ రాలేదు" అనడానికీ ఉండదు, "వాళ్ళవాళ్ళకే ఇచ్చారు" అనడానికీ ఉండదు. ఇంకో లాభం, ఏ వీధికి రెండుసార్లు అందింది, ఏ వీధికి అసలు అందలేదు అన్నది కూడా అందులోనే కనబడుతుంది. చివరి వీధికి, ముఖ్యంగా ఊరి బయట ఉన్న పేటలకి, అది అన్నిటికన్నా అవసరం.

మన తీరానికి తుఫాన్ల నెలలు అక్టోబరు, నవంబరు. సెలవులకి ఇంటికెళ్ళే ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు కొని, గడులు గీసి, ఊళ్ళో నమ్మకస్తులైన ఇద్దరికి చూపించి రండి. వేరువేరు మతాలవాళ్ళయితే మరీ మంచిది. ముప్పై రూపాయల ఖర్చు. మా వీధిలో ఆ పుస్తకం ఇప్పుడు మూట విప్పేసిన పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. రాయడం రాదంటే వాళ్ళ మనవరాలు రాస్తానంది.